ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఏ దారైనా సరేనా?

వెయ్యి కిలోమీటర్లు దాటే ప్రయాణం అనుకోగానే ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్లకు ఒక ధీమా వస్తుంది. రోడ్డు ఎలా ఉన్నా లాగేస్తుంది కదా అని. ఆ ధీమాలో సగం నిజమే. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే బురదలో, ఇసుకలో, మంచులో, నిటారు ఎక్కుడులో బండి కదులుతుంది. కానీ దూరప్రయాణాల్లో బండ్లను ఆపేసేవి ఎక్కువగా అవి కావు. మంచి తారు రోడ్డు మీదే, ఎండలో, నిండా సామానుతో, గంటల తరబడి ఒకే వేగంతో పోతున్నప్పుడు టైరు పేలుతుంది, కూలెంట్ హోస్ పగులుతుంది, చక్రం బేరింగు పట్టేస్తుంది, బ్యాటరీ చేతులెత్తేస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికీ నాలుగు చక్రాలకూ బలం అందడంతో సంబంధం లేదు.

అందుకే బండి ఎంత నమ్మకమైనది, ఏ దారిన పోవాలి అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలు కావు. ఫలానా బండి నమ్మకమైనదేనా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఎంత బరువుతో, ఏ ఎండలో, ఏ ఎత్తులో, తర్వాతి మెకానిక్ ఎంత దూరంలో ఉన్న దారిలో అని కలిపి అడిగితేనే దొరుకుతుంది. దారిని బండిలోని అన్నిటికన్నా బలహీనమైన భాగాన్ని చూసి ఎంచుకోవాలి. చాలామంది అన్నిటికన్నా బలమైన భాగాన్ని, అంటే ఫోర్ వీల్ డ్రైవ్ లీవర్‌ని చూసి ఎంచుకుంటారు. చిక్కు అక్కడ మొదలవుతుంది.

లీవర్ వెనక ఏముంది

ఫోర్ వీల్ డ్రైవ్ అన్న ఒకే పేరు కింద కనీసం మూడు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. వాటి బాగోగులు వేరు, పాడయ్యే తీరు వేరు.

మొదటిది పార్ట్ టైమ్. మామూలుగా ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. లీవరో నాబో 4హెచ్‌లోకి, అంటే నాలుగు చక్రాల మామూలు గేరులోకి వేస్తే, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను బలాన్ని రెండు ఇరుసులకూ పంచే గేర్ల పెట్టె) లోపల ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. ఇక రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. బండి మలుపు తిరిగేటప్పుడు మాత్రం ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం నడవవు. 2.8 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న బండి, వెనక ఇరుసు మధ్యభాగం 10 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతోందనుకుంటే, ముందు ఇరుసు దాదాపు 10.4 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. వెనక చక్రాలు 100 మీటర్లు నడిస్తే ముందువి 104 మీటర్లకు దగ్గరగా నడవాలి. మట్టిలో అయితే టైర్లు జారి ఆ తేడాను సర్దుకుంటాయి. ఎండిన తారు మీద జారవు. ఆ తేడా అంతా షాఫ్టుల్లో, గేర్లలో, యూజే క్రాసుల్లో (షాఫ్టు కీళ్లలో) మెలిక పడి నిలుస్తుంది. స్టీరింగ్ బిగుస్తుంది, బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఆగి ఆగి కదులుతుంది, చివరికి ‘టక్’మని టైరు జారి ఆ మెలిక విడుతుంది. పార్కింగులో ఒకసారి ఇలా జరిగితే నష్టం లేదు. చినుకులు పడ్డాయని 4హెచ్‌లో వేసి, తర్వాత రోడ్డు ఆరినా మరిచిపోయి 200 కిలోమీటర్లు నడిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ చెయిన్, సీళ్లు, టైర్లు అన్నీ దాని ఖరీదు కడతాయి.

రెండోది ఫుల్ టైమ్. ఇందులో ముందు, వెనక ఇరుసుల మధ్య మూడో డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉంటుంది కాబట్టి తారు మీద కూడా నాలుగు చక్రాలతో నిశ్చింతగా పోవచ్చు. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. అవసరమైతే మధ్య డిఫరెన్షియల్‌ని లాక్ చేసే వీలు ఉంటుంది. ఆ లాక్ వేసి తారు ఎక్కితే ఇదీ పార్ట్ టైమ్ బండితో సమానమే.

మూడోది ఈ రోజుల్లో ఎక్కువగా అమ్ముడవుతున్న ఆల్ వీల్ డ్రైవ్. మామూలుగా ముందు చక్రాలకే బలం అందుతుంది, జారుడు కనిపిస్తే కంప్యూటరు ఒక క్లచ్ ప్లేట్ల దొంతరను నొక్కి వెనక చక్రాలకు బలం పంపుతుంది. వాన రోడ్డుకు, పల్చటి మంచుకు ఇది చక్కని ఏర్పాటు. లోతైన ఇసుకలో అరగంట పోరాడితే మాత్రం ఆ ప్లేట్లు వేడెక్కుతాయి, వాటిని కాపాడుకోవడానికి కంప్యూటరు వెనక చక్రాలకు బలం ఆపేస్తుంది. సరిగ్గా కావాల్సిన చోట అది టూ వీల్ డ్రైవ్ బండి అయిపోతుంది. లో రేంజ్ గేర్లు (వేగం తగ్గించి లాగే బలం పెంచేవి) కూడా వీటిలో చాలావాటికి ఉండవు. కాబట్టి బండి వెనక అతికించిన బ్యాడ్జీని కాకుండా, ఓనర్స్ మాన్యువల్‌లో ఆ పేజీని చదివి దారి నిర్ణయించుకోవడం మేలు.

ఈ మూడింటికీ కలిసి ఒక మాట. నాలుగు చక్రాల బలం బండిని కదిలించడానికే, ఆపడానికి కాదు. ప్రతి కారుకూ బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి. మంచు మీదా, వాన పడ్డ తారు మీదా ఆగే దూరాన్ని తేల్చేది టైరు పట్టు, బండి బరువు, వేగం. ఎక్కుడులో జారకుండా ఎక్కిందన్న ధైర్యంతో దిగుడులోనూ అదే వేగంతో దిగేవాళ్లు ప్రమాదాన్ని కొని తెచ్చుకుంటున్నారు.

వాడకపోవడం వల్ల కూడా ఈ యంత్రాలు పాడవుతాయి. నెలల తరబడి 2హెచ్‌లోనే, అంటే వెనక చక్రాల బలంతోనే తిరిగిన పార్ట్ టైమ్ బండిలో ముందు డిఫరెన్షియల్, షాఫ్టుల సీళ్లకు నూనె అందదు, వాటిని కలిపే మోటారో వ్యాక్యూమ్ యాక్చుయేటరో తుప్పుపట్టి మొరాయిస్తుంది. టయోటా తన మాన్యువల్స్‌లో నెలకు కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్ డ్రైవ్‌లో నడపమని చెప్పేది ఇందుకే. మట్టి రోడ్డో కంకర రోడ్డో చూసుకుని ఆ పని చేయాలి. ప్రయాణానికి ముందు రోజు మొదటిసారి లీవర్ లాగి చూసే బండిని ఏ కొండదారికీ నమ్మలేం.

వేడి, గాలి, టైరు

దూరప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ దక్కాల్సింది టైరుకు. ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసింది 2000లో. ఆ ఏడాది ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీలకు ఉన్నవి. వేగంగా పోతున్న బండ్లకు టైరు పైపొర ఊడిపోయి, బండ్లు పల్టీ కొట్టి, 200 మందికి పైగా చనిపోయారు. టైర్ల తయారీ లోపం ఎంత, ఫోర్డ్ సూచించిన 26 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) గాలి తక్కువ కావడం ఎంత అని రెండు సంస్థలూ వాదులాడుకున్నాయి. ఎవరి వాటా ఎంతైనా వేడి, వేగం, బరువు, తక్కువ గాలి, ఎత్తైన బండి అన్నీ ఒకచోట కలిస్తే ఏమవుతుందో ఆ ఉదంతం చూపించింది. దాని తర్వాతే అమెరికాలో కొత్త చట్టం వచ్చింది, 2008 మోడల్ నుంచి కార్లన్నిటికీ టైరు గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది.

గాలి తక్కువగా ఉన్న టైరు ప్రతి చుట్టులోనూ పక్కగోడ దగ్గర ఎక్కువగా వంగుతుంది. అలా వంగినప్పుడల్లా కొంత వేడి పుడుతుంది. ఊళ్లో పది కిలోమీటర్లు తిరిగితే ఆ వేడి ఆరిపోతుంది. హైవేపై మూడు గంటలు ఆగకుండా పోతే ఆరే సందు దొరకదు. రబ్బరు, లోపలి స్టీలు తీగలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. పైకి చూస్తే టైరు కొత్తదిలా ఉండొచ్చు. అందుకే వయసు కూడా చూడాలి. చాలా టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. వెనక వేలాడే స్టెప్నీకి ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఏళ్ల తరబడి ఎండకు ఎండి, ఒక్కసారీ నేలను తాకని ఆ టైరు మీదే కష్టకాలంలో ఆధారపడాల్సి వస్తుంది.

మట్టి దారుల్లో గాలి తగ్గించుకోవడం మంచి అలవాటే. ఇసుకలో 15 నుంచి 18 పీఎస్‌ఐ వరకు దించితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుని పట్టు పెరుగుతుంది. కంకరలో కొద్దిగా తగ్గిస్తే రాళ్లకు తెగడమూ తగ్గుతుంది. తారు ఎక్కగానే మళ్లీ నింపకపోవడమే అసలు తప్పు. కంప్రెసర్ లేకుండా గాలి దించడం అంటే తర్వాతి ఊరిదాకా నెమ్మదిగా పాకడానికి ఒప్పుకున్నట్టే.

కొండలెక్కి దిగేవాళ్లు అంతగా పట్టించుకోని లెక్క ఇంకొకటుంది. గేజి చూపించేది టైరు లోపలి పీడనానికీ బయటి వాతావరణ పీడనానికీ ఉన్న తేడా. 3,500 మీటర్ల ఎత్తులో బయటి పీడనం దాదాపు 5 పీఎస్‌ఐ తగ్గుతుంది. కింద 35 నింపిన టైరు అక్కడ, చలి సంగతి పక్కన పెడితే, 40 చూపిస్తుంది. ఎక్కువైందని అక్కడ గాలి వదిలేసి 35కి తెచ్చి, రెండు రోజుల తర్వాత మైదానంలోకి దిగితే అదే టైరు 30 దగ్గర ఉంటుంది. కింద వేడి ఎక్కువ కాబట్టి ప్రతి 10 డిగ్రీలకు ఒకటిన్నర పీఎస్‌ఐకి పైగా కొంత తిరిగొస్తుంది, పూర్తిగా రాదు. అంటే బండి సరిగ్గా వేగం పుంజుకునే హైవే మీదకు తక్కువ గాలితో చేరుతుంది. దిగిన మర్నాడు పొద్దున, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, మళ్లీ చూసుకోవడం రెండు నిమిషాల పని.

నాలుగు చక్రాల బండ్లలో టైర్ల జోడీ కూడా యంత్రం సమస్యే. ఒక టైరు పేలితే దాని చోట కొత్తది ఒక్కటే వేయించుకుని సాగిపోవడం మామూలు. కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లు, మిగతావి అరిగి 4 ఉన్నాయనుకోండి. వ్యాసార్ధంలో 4 మిల్లీమీటర్ల తేడా అంటే సుమారు 1 శాతం. వంద కిలోమీటర్లకు ఒక కిలోమీటరు తేడా. ఒకే ఇరుసు మీది తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది, ఇరుసుల మధ్య మిగిలిన తేడాను ఆల్ వీల్ డ్రైవ్ బండిలో ఆ క్లచ్ దొంతర మోస్తూ ఉండాలి. వందల కిలోమీటర్లు అలా జారుతూ ఉంటే అది మాడిపోతుంది. మిగతా వాటంత అరిగిన అదే సైజు టైరు వేయడం, లేదా నాలుగూ మార్చడం దీనికి మందు. పూర్తి సైజు స్టెప్నీ ఉంటే టైర్లు మార్చి మార్చి తిప్పేటప్పుడు దాన్నీ ఆ వరసలో చేర్చితే ఐదూ సమానంగా అరుగుతాయి.

ఇక ఆగిన ప్రతిచోటా చేయదగ్గ పని ఒకటి. టీకో నీళ్లకో బండి ఆపినప్పుడు చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, హబ్‌ని (చక్రం మధ్యభాగాన్ని) ముట్టుకోకుండా అరచేతిని దగ్గరగా పెట్టి చూడాలి. నాలుగూ దాదాపు ఒకే వేడిలో ఉండాలి. ఒక్కటే సెగ కక్కుతుంటే ఆ చక్రానికి బ్రేకు పట్టుకుని ఉండాలి, లేదా బేరింగు పోతూ ఉండాలి. ఆ చక్రం కింద నేల మీద నూనె చుక్క, రిమ్ము లోపలి అంచున గ్రీజు చిమ్మిన గీత, షాక్ అబ్సార్బర్ ఒంటికి తడిగా అంటుకున్న దుమ్ము, ఇవన్నీ ఆ ఒక్క చుట్టులోనే కనిపిస్తాయి. డాష్‌బోర్డు మీద లైటు వెలిగేసరికి ఇవే పెద్ద జబ్బులై ఉంటాయి.

గేరాయిల్ కూడా కథలు చెబుతుంది. డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్గుకు ఉన్న అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు పేస్టు అంటుకుంటే అది సహజమైన అరుగుదల. చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలు కనిపిస్తే ఆ బండిని దూరం తీసుకుపోకూడదు. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయని అర్థం. వాగు దాటిన బండ్లలో ఇది జరిగే తీరు గమనించదగ్గది. గంటల ప్రయాణంతో కాలిన ఇరుసు చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్ గొట్టం (ఇరుసుకు గాలి ఆడే దారి) మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. నీళ్లలో దిగేముందు పది నిమిషాలు ఆగి ఇరుసును చల్లారనివ్వడం, బ్రీదర్ గొట్టాన్ని పైకి పొడిగించుకోవడం, దాటిన తర్వాత నూనె చూసుకోవడం చిన్న జాగ్రత్తలే.

బరువు లెక్క

ఫోర్ వీల్ డ్రైవ్ బండి పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ఎంతైనా మోస్తుందనుకుంటారు. 600 కిలోలు మోయగలిగే బండిని తీసుకుందాం. ఐదుగురు పెద్దవాళ్లు తలా 75 కిలోలైతే 375. ముందు స్టీలు బంపరు 50. టాపు మీద టెంటు 60. నీళ్లు 60 లీటర్లు, అంటే 60 కిలోలు. క్యానుల్లో 40 లీటర్ల డీజిల్, దాదాపు 34. మొత్తం 579. ఇంకా బట్టలు, పనిముట్లు, రెండో స్టెప్నీ లెక్కలోకి రాలేదు. అదనపు బరువంతా వెనక ఇరుసు దాటి వేలాడితే చాసిస్ (బండి అడుగు చట్రం) వంగిన సందర్భాలు డబుల్ క్యాబ్ పికప్పుల్లో కొత్త కాదు. ప్రయాణానికి ముందు లారీలు తూచే వేబ్రిడ్జి మీద ఒకసారి బండిని నిలబెడితే అనుమానం తీరిపోతుంది.

టాపు మీద బరువు మలుపుల్లో బండిని ఊపుతుంది, పైగా గాలిని అడ్డుకుంటుంది. గాలి ఎదురుదెబ్బ వేగం వర్గంతో పెరుగుతుంది. 100 నుంచి 120కి పోతే 44 శాతం ఎక్కువ. 100 వేగంలో పోతుంటే ఎదురుగా 30 కిలోమీటర్ల గాలి వీస్తే, బండికి అది 130 గాలి, అంటే దాదాపు 70 శాతం ఎక్కువ ఎదురుదెబ్బ. 80 లీటర్ల ట్యాంకు ఉండి, వందకు 11 లీటర్లు తాగే బండి 720 కిలోమీటర్లు పోతుంది. టాపు సామాను, ఎదురుగాలి కలిసి అది 15కి పెరిగితే 530 కిలోమీటర్లకే ట్యాంకు ఖాళీ. దారిలో తర్వాతి పెట్రోలు బంకు 600 కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆ తేడా ఎంత ప్రాణం మీదికి తెస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

దారిని ఖాళీలతో కొలవడం

అందుకే దారి ఎంచుకునేటప్పుడు మొత్తం దూరం కన్నా ముఖ్యమైనది, సాయం దొరికే ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య ఉన్న ఖాళీ. అలాస్కాలో డాల్టన్ హైవే మొత్తం 666 కిలోమీటర్లు. చూస్తే ఒక రోజు ప్రయాణం. కానీ కోల్డ్‌ఫుట్ నుంచి డెడ్‌హార్స్ దాకా 386 కిలోమీటర్లు బంకు లేదు, మెకానిక్ లేడు. రిమ్ముకు బిగించిన పూర్తి సైజు స్టెప్నీలు రెండు తీసుకెళ్లమని అక్కడి అధికారులే చెబుతారు. మనాలి నుంచి లేహ్ పోయే దారిలో తాండి దాటాక తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని బోర్డు పెట్టడం వాహనదారులందరికీ తెలిసిందే. ఆస్ట్రేలియాలో ఐర్ హైవే మీద 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపు లేకుండా పోయే రోడ్డుంది. అది నున్నటి తారు, ఏ చిన్న కారైనా పోతుంది. అక్కడ పరీక్ష బండికి కాదు, నిద్ర ఆపుకోవాల్సిన డ్రైవరుకు.

దూరం ఒకటే అయినా రెండు దార్లు ఎంత వేరుగా ఉండొచ్చో లేహ్ చక్కగా చూపిస్తుంది. శ్రీనగర్ నుంచైనా మనాలి నుంచైనా అటూ ఇటూగా 420, 430 కిలోమీటర్లే. శ్రీనగర్ దారిలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ ఫోటు లా, 4,108 మీటర్లు. మధ్యలో కార్గిల్ లాంటి ఊళ్లున్నాయి. మనాలి దారి లాచులుంగ్ లా, తగ్లాంగ్ లా దగ్గర 5,000 మీటర్లు దాటుతుంది. ఆ ఎత్తులో వాతావరణ పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కొంచెం ఎక్కువ. టర్బో లేని ఇంజను బలం దాదాపు సగానికి పడిపోతుంది. నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి రేడియేటర్ మూత బిగువు మీద చాలా ఆధారపడాలి. సీలు పాడైన పాత మూత కింద ఊళ్లో ఏ తేడా చూపించకపోవచ్చు, అక్కడ కూలెంట్ పొంగిస్తుంది. మనుషుల సంగతి ఇంకా ముఖ్యం. నెమ్మదిగా ఎత్తుకు అలవాటు పడనిచ్చే దారిలో ఎక్కి, వేగంగా కిందికి దించే దారిలో తిరిగి రావడం తెలివైన పద్ధతి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా లేదా అన్న ప్రశ్న ఈ ఎంపికలో చాలా వెనక వస్తుంది.

పొడవైన దిగుడున్న దారికి బ్రేకు ఫ్లూయిడ్ వయసు చూసుకోవాలి. డాట్ 4 రకం బ్రేకు ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల వరకు మరగదు. అది గాల్లోని తేమను పీల్చుకుంటూ పోతుంది, బాగా తేమ పట్టాక 155 డిగ్రీలకే మరుగుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల పాత మాటలో పూర్తి నిజం ఉంది. లో రేంజ్ ఉన్న బండికి నిటారు మట్టి దిగుడులో అదే అన్నిటికన్నా గొప్ప బ్రేకు.

దగ్గరి దారి ఊరింపు గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. మ్యాపులో హైవే చుట్టూ తిరిగి 300 కిలోమీటర్లు చూపిస్తుంది, అడ్డంగా పోయే మట్టి దారి 180. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ల చెయ్యి అటే లాగుతుంది. కానీ అలలు అలలుగా గట్టిపడిన మట్టి రోడ్డు మీద బండి ప్రతి సెకనుకూ చాలాసార్లు అదురుతుంది. షాక్ అబ్సార్బర్ ఆ అదురునంతా వేడిగా మార్చి మింగాలి. గంటసేపటికి లోపలి నూనె నురగ కట్టి పని మానేస్తుంది, సీలు కారుతుంది. బ్యాటరీ బిగింపులు, టాపు ర్యాకు బోల్టులు, పాత వెల్డింగులు వదులవుతాయి. 120 కిలోమీటర్లు కలిసొచ్చాయన్న దారిలో సగటు వేగం 40కి పడితే నాలుగున్నర గంటలు, హైవేలో 90తో పోతే మూడు గంటల ఇరవై నిమిషాలు. అంటే కలిసొచ్చింది ఏమీ లేదు, పైగా బండి అరిగింది.

ఫోన్‌లోని మ్యాపును గుడ్డిగా నమ్మడం ఇంకా ప్రమాదం. 2012 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా పోలీసులు ఆపిల్ మ్యాప్స్ వాడొద్దని ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. ఆ మ్యాపు మిల్డురా అనే ఊరిని అసలు చోటికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, ఒక జాతీయ వనం మధ్యలో చూపించింది. దాన్ని నమ్మి వెళ్లినవాళ్లు నీళ్లు కూడా లేని చోట చిక్కుకున్నారు, కొందరు 24 గంటల దాకా. వేసవిలో అక్కడి ఎండ 46 డిగ్రీలకు చేరుతుంది. తర్వాత ఆ తప్పు సరిచేశారు. కానీ మ్యాపు ఏదైనా వేగం, దూరం లెక్క వేస్తుంది గానీ, నిన్నటి వానకు కోసుకుపోయిన గట్టునూ, మూసిన గేటునూ ఎప్పుడూ చెప్పలేదు. ముందు మజిలీలో ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరును అడగడం, రోడ్ల శాఖ ప్రకటన చూడటం, ఆఫ్‌లైన్ మ్యాపు ఒకటి దగ్గర ఉంచుకోవడం దానికి బదులు కాదు, తోడు. అద్దె బండి అయితే ఒప్పందం కూడా చదవాలి. తారు లేని రోడ్ల మీద బీమా వర్తించదని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది, బండి ఫోర్ వీల్ డ్రైవే అయినా సరే.

పాత బండా, కొత్త బండా

ఎలక్ట్రానిక్స్ లేని పాత బండే దూరానికి మంచిదన్న మాట తరచూ వినిపిస్తుంది. అందులో కొంత న్యాయముంది. కొత్త బండిలో చక్రం దగ్గరి స్పీడు సెన్సార్ వైరు ఒక్కటి రాయి తగిలి తెగితే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పకుండా చూసేది), ఆల్ వీల్ డ్రైవ్ మూడూ ఒకేసారి ఆగిపోవచ్చు, ఎందుకంటే మూడూ ఆ సమాచారం మీదే నడుస్తాయి. యాడ్‌బ్లూ (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే ద్రవం) వాడే డీజిల్ బండిలో ఆ ట్యాంకు ఖాళీ అయితే, ఇంజను ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. అది సున్నాకు 11 డిగ్రీల కింద గడ్డ కడుతుంది కూడా. కానీ పాత బండి రబ్బరు హోసులు, బుష్‌లు, వాటర్ పంపు వయసు ఎవరూ లెక్కపెట్టరు. ముందు గట్టి ఇరుసు ఉన్న పాత బండిలో ప్యాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టి ఉంచే కడ్డీ) బుష్ అరిగితే 80 వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ మొత్తం అదుపు తప్పినట్టు కొట్టుకుంటుంది. బ్రేకు గట్టిగా తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గనివ్వడమే అప్పుడు దారి.

కాబట్టి వయసు కన్నా మంచి కొలత, ఎంచుకున్న దారిలో ఆ బండి భాగాలు దొరుకుతాయా, దాన్ని ముట్టుకోగల మెకానిక్ ఉన్నాడా అన్నది. కొత్త బండికి లోపాల కోడ్ చదివే చిన్న స్కానరు, పాత బండికి బెల్టు, హోసు, యూజే క్రాసు వెంట ఉంటే రెండూ సమానంగా నమ్మదగ్గవే.

వెనక్కి తిరిగే చోటు

నిర్మానుష్యమైన దారిలోకి దిగేముందే వెనక్కి తిరిగే చోటు మ్యాపు మీద గుర్తు పెట్టుకోవాలి. ఆ చోటు సరిగ్గా సగం దూరం కాదు. తిరిగి పోవడానికి, ముందుకు పోవడానికి పట్టే ఇంధనం ఎక్కుడు, గాలి దిశను బట్టి వేరుగా ఉంటుంది. 365 కిలోమీటర్ల ఖాళీలో 150 దగ్గర గేజి సగానికి దిగిందంటే, ముందు పెద్ద ఎక్కుడుంటే తిరగడమే లెక్క ప్రకారం సరైనది. దీనికి ఇంధనంతో పాటు వెలుతురును కూడా జోడించాలి. పొద్దు వాలే వేళ పశువులు, అడవి జంతువులు రోడ్డెక్కుతాయి, లోతు తెలియని వాగు ఆ వెలుతురులో కనిపించదు.

మంచు కరిగి పారే వాగులకు ఇంకో స్వభావం ఉంది. రాత్రి చలికి మంచు కరగడం తగ్గుతుంది కాబట్టి తెల్లవారుజామున వాటిలో నీళ్లు తక్కువ. ఎండ ఎక్కేకొద్దీ పెరిగి మధ్యాహ్నం దాటాక ఉధృతమవుతాయి. పొద్దున మోకాలి కిందికి ఉన్న వాగు సాయంత్రానికి చక్రం మునిగేంత అవుతుంది. బలంగా పారే నీళ్లలో, నాలుగు చక్రాలూ తిరుగుతున్న బండి కూడా తేలి పక్కకు జరుగుతుంది, ఎందుకంటే టైరుకు నేల మీద బరువు ఉండదు. అలాంటప్పుడు బండి ఇవతలి ఒడ్డునే ఆపి, వెనక వచ్చేవాళ్లకు కనపడేలా లైట్లు వేసి, రాత్రి గడిపి తెల్లవారాక దాటాలి. అందుకు సరిపడా నీళ్లు, తిండి, దుప్పట్లు బండిలో ఉండాలి. ప్రయాణం లెక్కలో ఒక రోజు ఖాళీగా వదిలిపెడితే ఆ రాత్రి ఎవరి మీదా తొందర ఉండదు.